విడిదింటి కాఫీ పానకం

"పాలు విరిగితే ముందు ఏడుపు రాదబ్బాయ్. చేతులు చల్లబడతయ్. పొయ్యి పక్కనే నిలబడి ఉన్నా సరే, చల్లబడతయ్."

హనుమాయమ్మ నాతో ఆ మాట అంటూనే బెల్లం పాకంలో గరిటెడు డికాషన్ పోసింది. మూకుడు ఒక్కసారి బుసకొట్టి, వాసన వీధి గుమ్మం దాకా వెళ్లింది. వేయించిన గవ్వలు అందులో వేసి కలియబెట్టింది. కారంపూడిలో ఈ కాఫీ గవ్వలకు ఇప్పుడు మంచి పేరుంది. ఒకప్పుడు వీటిని చూసి నవ్వని వాళ్లు లేరు.

బస్టాండు దగ్గర ఆమె భర్త చిన్న కాఫీ హోటల్ నడిపినన్నాళ్లూ డికాషన్ తీయడం ఆమె పని. సాయంత్రం మిగిలిపోయింది పారబోయడానికి మనసొప్పేది కాదు. ఒకనాడు పాకంలో, ఒకనాడు కోవాలో, మరొకనాడు సుగంధి సోడాలో కలిపి చూసేది. బాగుంటే ఇంట్లో వాళ్లకు పెట్టేది, బాగాలేకపోతే తనే కళ్లు మూసుకుని తాగేసేది. హనుమాయమ్మ ఇంటికి భోజనానికి వెళ్తే పప్పుచారులో కూడా కాఫీ తగులుతుందని వీధిలో వాళ్లు ఆటపట్టించేవాళ్లు. హోటల్ మూతపడ్డాక పెళ్లి వంటల మేస్త్రీల వెంట కూలికి తిరిగింది. ఆ తర్వాత పక్కింటి మాబున్నీసాను తోడు పెట్టుకుని, బారసాలలకూ ఓణీల ఫంక్షన్లకూ సొంతంగా వండసాగింది. పెళ్లి మాత్రం ఎవరూ అప్పగించలేదు.

మొన్న వేసవిలో ఊళ్లోని సాంబశివరావు అప్పగించాడు. కూతురు భార్గవి పెళ్లి. గుంటూరు క్యాటరింగ్ వాళ్లను పిలవమని చుట్టాలంతా పోరుపెట్టినా వినలేదు. అయితే ఒక భయం మాత్రం ఆమె చెవిన వేశాడు. పెళ్లికొడుకు పెదనాన్న రామబ్రహ్మానికి కాఫీ పట్టింపు ఎక్కువ. నిశ్చితార్థం నాడు చల్లారిన కాఫీ ఇచ్చారని గ్లాసు కింద పెట్టేసి, భోజనానికి కూర్చోకుండా మాచర్ల వెళ్లిపోయాడు. ఆయన్ని దారికి తేవడానికి పెద్దమనుషులు తిరగాల్సి వచ్చింది.

"విందు ఎట్టన్నా ఉండనీ అక్కా. బస్సు దిగ్గానే ఆయన చేతిలో పడే గ్లాసు తేడా రాకూడదు. నా పరువంతా దాన్లోనే ఉంది."

తన పరువూ అందులోనే ఉందని హనుమాయమ్మకు తెలుసు. ఆ గ్లాసు తేడా కొడితే ఈ చుట్టుపక్కల ఊళ్లలో మళ్లీ ఎవరూ పెళ్లి వంటకు పిలవరు.

విడిది కాఫీకి ఇక్కడొక పద్ధతి ఉంది. మాచర్ల నుంచి వచ్చే పెళ్లివారి బస్సు దుర్గి దాటగానే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. అప్పుడే పాలల్లో డికాషన్ కలపాలి. ముందే కలిపి పెడితే రుచి చస్తుంది, ఆలస్యమైతే మగపెళ్లివారు ఉత్తచేతులతో నిలబడాలి. ఆరోజు అంతా పద్ధతి ప్రకారమే జరిగింది. తెల్లవారుజామున తీసిన డికాషన్ రెండు బకెట్లలో సిద్ధంగా ఉంది. గంగాళం నిండా పాలు కాగుతున్నాయి. ఎదురుకోలు బిందెల్లో పోయడానికని బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన పానకం మరో పెద్ద పాత్రలో ఉంది. ఫోన్ వచ్చింది. హనుమాయమ్మ ఒక బకెట్ ఎత్తి పాలల్లో వంచి, తెడ్డు తిప్పింది.

పాలు పలుకులు పలుకులుగా విడిపోయాయి.

మాబున్నీసా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హనుమాయమ్మ రెండో బకెట్‌లోది వేలితో తీసి నాలుక్కి రాసుకుంది. పులుపు. తల తిప్పి తీగ మీదికి చూసింది. పాత పంచె చింపి చేసిన గుడ్డలు రెండు. ఒకటి డికాషన్ వడకట్టేది, ఒకటి ముందురోజు పులిహోరకు చింతపండు గుజ్జు వడకట్టింది. నీళ్లలో జాడించి ఆరేశారే కానీ సబ్బు పెట్టలేదు. రెండిటిదీ ఒకటే రంగు. తెల్లవారీ తెల్లవారని వెలుతురులో చింతపండు గుడ్డలోనే కాఫీ వడకట్టేశారు.

"నేను అందించానక్కా, నువ్వు కట్టావు. ఇద్దరికీ కళ్లు లేకపాయె" అంది మాబున్నీసా.

మళ్లీ పాలు తెప్పించి కాయడానికి టైమ్ లేదు. సాంబశివరావుకు చెప్పేద్దామంది మాబున్నీసా. హనుమాయమ్మ చూపు పానకం పాత్ర మీద పడింది. నాలుక మీద మిగిలిన రుచినే ఆలోచిస్తోంది. చేదు, పులుపు. ఆ రెండిటికీ కావలసిందేమిటో ఆమె చేతికి తెలుసు. ఎన్ని సాయంత్రాలు బెల్లంలో డికాషన్ పోసి చూడలేదు! పానకంలో నిమ్మకాయ పిండడం ఉన్నదే, చింతపండు మాత్రం ఏం పాపం చేసింది? ఒక్క బిందెకు సరిపడా పూజకని పక్కకు తీయించి, మిగతా పానకంలో రెండో బకెట్ మొత్తం గుమ్మరించింది. చిటికెడు శొంఠి, ఇంకో చిటికెడు ఉప్పు. కూల్‌డ్రింకుల కోసం తెచ్చిన ఐసుదిమ్మ పగలగొట్టి వేసింది.

రుచి చూసే లోపే బస్సు హారన్ వినిపించింది. సాంబశివరావు పరుగున వచ్చి, నల్లటి పానకంతో చెమటలు పట్టిన గ్లాసులు చూసి అక్కడే ఆగిపోయాడు.

"ఏందక్కా ఇది? చల్లగా ఇచ్చారనేగా ఆయన పోయినసారి లేచిపోయింది?"

"నువ్వు నోరు మెదపమాక తమ్ముడూ" అని పళ్లెం తనే ఎత్తుకుంది.

రామబ్రహ్మం కండువాతో మెడ తుడుచుకుంటూ బస్సు దిగాడు. మే నెల ఎండకు ముఖం కందిపోయి ఉంది. గ్లాసు పట్టుకోగానే కనుబొమలు ముడిపడ్డాయి.

"చల్లగా ఉందేందమ్మాయ్?"

"పానకంతో ఎదురురావడం మన ఆచారం, కాఫీ మీకిష్టం. రెండూ ఒకదాంట్లోనే పోశాను బాబాయిగారూ."

ఆయన తాగాడు. గ్లాసు ఖాళీ అయింది. గ్లాసు పళ్లెంలో పెట్టి, వెనక్కి తిరిగి బస్సెక్కాడు. సాంబశివరావు బతిమాలడానికి రెండడుగులు వేశాడు. హనుమాయమ్మకు పళ్లెం బరువెక్కిపోయింది.

రామబ్రహ్మం మళ్లీ దిగాడు. చేతిలో ఆయన నీళ్ల బాటిల్ ఉంది. మూత తీసి, నీళ్లన్నీ పందిరి గుంజ మొదట్లో పారబోసి, బాటిల్ ఆమె ముందుకు చాచాడు.

"దీన్నిండా పొయ్యమ్మాయ్. మావోళ్లు దిగారంటే నాకు మిగల్చరు."

బాటిల్ నింపి ఇచ్చి వంటశాలలోకి వచ్చిన హనుమాయమ్మ బియ్యం బస్తా మీద కూలబడింది. నవ్వు వస్తోంది, కళ్లు కారుతున్నాయి, ఏది ముందో తెలియలేదు. మాబున్నీసా పళ్లెంతో విసురుతూ, ముందు గంగాళం సంగతి చూడమంది. ఆ విరిగిన కాఫీ పాలను గుడ్డలో, ఈసారి వాసన చూసి తీసిన గుడ్డలో, వడకట్టి, పంచదార పోసి కోవా తిప్పారు. విస్తట్లో అది పడగానే ఇదెక్కడి స్వీటని పెళ్లివారు అడిగి వేయించుకున్నారు. చింతపండుకీ కాఫీకీ పొత్తు కుదురుతుందని తెలిశాక గుత్తివంకాయ పులుసులోనూ కావాలనే ఒక గరిటె డికాషన్ పోస్తోంది. ఇప్పుడు పెళ్లిళ్లకు పిలిచేవాళ్లు కాఫీ పానకం ఉంటుందా అనే మొదట అడుగుతున్నారు.

దండెం మీద గుడ్డలు ఇప్పుడూ రెండే. ఒకదాని మూలకు మాత్రం ఎర్రదారం కుట్టి ఉంది.

నేను వెళ్తానని లేవగానే ఆమె గవ్వల పొట్లం ఒకటి చేతిలో పెట్టి, ఫ్రిజ్‌లోంచి చల్లటి బాటిల్ తీసి కొంగుతో తుడిచింది. మూత మీద సొట్ట. రామబ్రహ్మం గారిదే, ఎవరు ఇటు వస్తున్నా నింపి పంపమని ఇచ్చి పంపుతాడట.

"నువ్వెక్కేది మాచర్ల బస్సేగా? ఆయనింట్లో ఇచ్చేసి పో అబ్బాయ్. దారిలో ఎండన పెట్టమాక, కిటికీ పక్కన కూర్చోమాక. ఎట్టా చేస్తారని అడుగుతాడు, చానాసార్లు అడిగాడు. బెల్లం, మిరియాలు, కాఫీ అని చెప్పు. చింతపండు గుడ్డ సంగతి మాత్రం ఎత్తమాక."