ముందటి బైఠకు

మొన్న మా కోడలు నన్ను బలవంతంగా తన జిమ్ముకు వెంటబెట్టుకుపోయింది. కరీంనగర్‌లో మా వీధి చివర, కింద టైల్స్ దుకాణం, పైన నాలుగు వైపులా అద్దాలున్న గది. మోకాళ్ల నొప్పికి డాక్టరు చెప్పిన కసరత్తులను అక్కడి శిక్షకుడు ఓపిగ్గా చేయిస్తాడని ఆమె ఆశ. నేను ఒక మూల కుర్చీలో కూర్చుని చెమట తుడుచుకుంటుండగా ఆ శిక్షకుడికీ ఇంకో అబ్బాయికీ వాదన మొదలైంది, బరువులు తొడిగిన ఇనుప బారును వీపు మీద పెట్టుకుని కూర్చుని లేవడం గొప్పా, ముందు భుజాల మీద పెట్టుకుని లేవడం గొప్పా అని. ఒకడు ఫోనులో ఏదో వీడియో చూపిస్తే రెండోవాడు దాన్ని కొట్టేసే ఇంకో వీడియో చూపిస్తున్నాడు. నాకు నవ్వాగలేదు. ఏమైందని కోడలు అడిగింది గాని ఏమని చెప్పను, ఈ ముసలమ్మ ఒకప్పుడు ఆ రెండూ చేసిందంటే వాళ్లు నమ్ముతారా? అందుకే మీతో చెప్పుకుంటున్నాను. మన ఈడు వాళ్లయితే కనీసం మధ్యలో ఫోను తీసి చూసుకోరు.

ఎనభైల చివరి మాట ఇది. చెన్నూరుకు ఇవతల, గోదావరికి దగ్గర్లో ఉన్న ఒక బొగ్గుబాయి కాలనీలో ఉండేవాళ్లం. మా బాపు బాయిలో టింబర్‌మన్, అంటే బొగ్గు తవ్వి తీసిన చోట పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టేవాడు. అమ్మను అవ్వ అనేవాళ్లం, ఆమెకు ఇంటి పనీ, కుళాయి దగ్గర కొట్లాటా సరిపోయేవి. అవ్వ తమ్ముడు, అంటే మా మేనమామ, బాయి వర్క్‌షాపులో పనిచేస్తూ తీరిక వేళల్లో కాలనీ తాలీంఖానాను చూసుకునేవాడు. తాలీంఖానా అంటే మరేం లేదు, ఒక రేకుల షెడ్డు, ఎర్రమట్టి నేల, కొన్ని ఇనుప బరువులు, గోడకు కొండగట్టు అంజన్న పటం. చాలా ఏళ్లు అందులో మగవాళ్లే తిరిగారు. ఆడపిల్లలకు కూడా బరువులెత్తే పోటీలు పెడుతున్నారని మామ ఎక్కడో విని వచ్చి, మగపిల్లలు వెళ్లిపోయాక పొద్దున కాసేపు మాకు విడిచిపెట్టాడు. మొదట చాలామందిమే వెళ్లాం, నెల తిరిగేసరికి నేనొక్కదాన్నే మిగిలాను. నా మొండితనం గురించి మా ఇంట్లో ఎవరినడిగినా చెబుతారు.

కూర్చుని లేవడంలో ఇన్ని రకాలుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. బడిలో చెవులు పట్టుకుని తీసిన గుంజీళ్లు తెలుసు, అవి శిక్ష. తాలీంఖానాలో మగవాళ్లు తీసే ఉత్త బైఠకులు చూశాను, చేతులూపుకుంటూ, మడమలు లేపుకుంటూ, ఊపిరి ఒక తాళంలో పడ్డాక ఆపాలనే అనిపించదు, తొడలు మండుతాయి గాని భయం ఉండదు. అవి బాగా అలవాటయ్యాక మామ నా వీపు మీద బారు పెట్టాడు. దానికి ఆయన పెట్టుకున్న పేరు ఎనుక బైఠకు. అది నాకు అచ్చొచ్చింది. నడుం ముందుకు వంచి, పళ్లు బిగబట్టి లేస్తే ఎంత బరువైనా లేచేది, సగంలో ఆగిపోయినా నడుముతో ఎలాగో నెట్టుకొచ్చేదాన్ని. నా ఈడు మగపిల్లల కన్నా ఎక్కువ ఎత్తుతున్నానని తెలిసి, నేల మీద కాలు ఆనకుండా తిరిగేదాన్ని. హైదరాబాదులో జరిగే రాష్ట్రపోటీలకు మామ నా పేరు కూడా ఇచ్చేశాడు.

అదంతా ఒక్క పొద్దుటితో తలకిందులైంది. రాత్రి షిఫ్టు దిగి ఇంటికి పోతున్న బాపు, షెడ్డు తలుపు దగ్గర ఒక్క నిమిషం ఆగి లోపలికి చూశాడట. నా వీపు మీద బారు, మొహమంతా ఎరుపు, నడుం వంగి ఉన్నాను. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని అవ్వతో అన్నాడు: "అది ఒంగి మోస్తున్నది. ఒంగినదాని మీద బరువు నిలువది. రేపటి సంది పోవద్దను." ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకని అని ఉంటే ఎదురు తిరిగేదాన్నే, కాని ఆయన ఆ మాట అనలేదు. బాయిలో ఒరిగిన దిమ్మె ఏం చేస్తుందో కళ్లారా చూసినవాడు, తన జోడీ పనివాణ్ణి అలాంటి దిమ్మె కిందే పోగొట్టుకున్నవాడు. నేను గోడకు తిరిగి పడుకుని ఏడ్చాను. మామ వచ్చి బాపు గడ్డం పట్టుకుని బతిమాలితే చివరికి, హైదరాబాదు పోయే ముందు ఒక్కసారి వచ్చి చూస్తాననీ, అప్పుడు కూడా మనసుకు నచ్చకపోతే ఇక ఆ ఊసే ఎత్తొద్దనీ ఒప్పుకున్నాడు.

ఆ మర్నాటి నుంచి మామ ఎనుక బైఠకులు మాన్పించాడు. బాపు కోసమే కాదు, పోటీలో బారును ఎవరూ తెచ్చి వీపు మీద పెట్టరు కదా, నేల మీంచి లాగి, కిందికి కూర్చుంటూ ముందు భుజాల మీద పట్టుకుని, దానితోనే లేవాలి. అదే ముందటి బైఠకు. నేను వీపు మీద మోసే బరువులో సగమే పెట్టాడు, అయినా కూర్చోగానే బారు జారి దబ్బున మట్టిలో పడింది. రెండోసారీ అంతే. వీపు మీది బరువు మనిషిని కాస్త వంగి తప్పించుకోనిస్తుంది, ముందటిది ఆ అవకాశం ఇవ్వదు. మోచేతులు పైకి, ఛాతీ పైకి, మడమలు నేలకు, వీపు నిటారుగా ఉంటేనే మన దగ్గర ఉంటుంది, కాస్త వాలితే వెళ్లిపోతుంది. గొంతు దగ్గర ఇనుము నొక్కుతుంటే ఊపిరి కూడా అందేది కాదు. నా గొప్పలన్నీ వారంలో దిగిపోయాయి.

ఒకరోజు జడ వేస్తూ మెడ ఎముకల మీద కమిలిన మచ్చలు చూసి అవ్వ గుండెలు బాదుకుంది. "ఉత్త బొక్క మీద ఎవలన్న బరువు పెడ్తరానె? మీ మామకు అక్కల్ లేదు" అని తిట్టి, పాత చీర చింపి పొడుగ్గా ఒక సుట్టబట్ట చుట్టి ఇచ్చింది. నెత్తి మీద నీళ్లకుండ కింద పెట్టుకునేదే, కాకపోతే బారుకు సరిపోయేలా. నాకూ అది మహా తెలివైన పనిలాగే తోచింది. మర్నాడు దాన్ని గొంతు కింద సర్దుకుని బారు పెట్టుకుంటే పరుపు మీద పడుకున్నంత హాయిగా ఉంది. ధీమాగా కూర్చున్నాను. లేవబోతుండగా గుడ్డ దొర్లింది, గుడ్డతో పాటు బారు దొర్లింది, నేను వెనక్కి ఎర్రమట్టిలో కూలబడ్డాను. మామ అంజన్న పటం పట్టుకుని మరీ నవ్వాడు. నవ్వు ఆగాక బారును మళ్లీ నా భుజాల మీద పెట్టి, నా పిడికిళ్లను ఒక్కొక్క వేలే విప్పాడు. "సుట్టబట్ట కుండకు బిడ్డా. గిది బొక్క మీద గాదు, భుజం కండ మీద కూసోవాలె. చేతులతోని మొయ్యకు, ఏళ్లు ఇడువు" అన్నాడు. రెండు వేళ్లు మాత్రం బారు కింద ఉంచి మోచేతులు ఎత్తాను. బారు కదలలేదు. బరువంటే చేతులతో గట్టిగా పట్టుకునేదని పుట్టినప్పటి నుంచీ అనుకున్నదాన్ని, వేళ్లు విప్పితే అది నిలిచిందే! ఆ క్షణం నాకు కలిగిన విస్మయం ఇన్నేళ్లకు కూడా తగ్గలేదు.

ఆ ఉత్సాహంలో మామ ఇంకో విద్య చూపించాడు. బారును చేతులు చాచి తల మీదికి ఎత్తి, అలాగే నేల దాకా కూర్చుని, అలాగే నింపాదిగా లేచాడు. వర్క్‌షాపులో నూనె మరకలతో తిరిగే మా మామేనా ఈయన అని నోరు తెరుచుకుని చూశాను.

బాపు చెప్పినట్టే వచ్చాడు. షిఫ్టు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, కళ్ల చుట్టూ బొగ్గు అలాగే ఉంది. కూర్చోమంటే కూర్చోలేదు. అవ్వ, ఇరుగుపొరుగు వాళ్లు, బాయి నుంచి ఆయనతో వచ్చిన మనుషులు కొందరు గోడ పక్కన నిలబడ్డారు. మామ నా ఒంటి బరువును మించిన బరువే పెట్టాడు. బారు భుజాల మీదికి తీసుకుని వేళ్లు వదులు చేసి కూర్చున్నాను. లేవడం మొదలుపెట్టాక సగంలో ఆగిపోయింది. వీపు మీదైతే సరిగ్గా అక్కడే వంగి గట్టెక్కేదాన్ని, ఇక్కడ వంగితే హైదరాబాదు లేదు, తాలీంఖానా కూడా లేదు. కళ్ల ముందు చీకట్లు కమ్మాయి, షెడ్డులో ఎవరూ ఊపిరి తీస్తున్నట్టు లేదు. మోచేతులు ఇంకాస్త ఎత్తాను, అంతే నాకు తెలిసింది. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని బలం మడమల్లోంచి ఎక్కి, నన్ను నిదానంగా, నిట్టనిలువుగా లేపింది.

బాపు దగ్గరికి వచ్చాడు. బారు ఇంకా నా భుజాల మీదే ఉంది. నా వెనక్కి వెళ్లి వీపు చూశాడు, పక్క నుంచి మోకాళ్లు చూశాడు, బారు కొసను వేలి కణుపుతో టక్కుమని కొట్టి ఒక్క మాట అన్నాడు: "పట్టింది."

గోడ పక్కనున్న బాయి మనుషులు ఒక్కసారిగా ఊపిరి వదిలారు. ఆ మాట వాళ్లకు తెలుసు. దిమ్మె నిలబెట్టాక టింబర్‌మన్ దాన్ని సుత్తితో కొట్టి, చప్పుడు విని, కప్పు బరువు దాని మీదికి వచ్చిందని నమ్మకం కుదిరితేనే ఆ మాట అంటాడు, అది వినకుండా ఒక్క మనిషి కూడా ఆ కిందికి అడుగు వేయడు. మా బాపు ఆ మాటను ఊరికే అనేవాడు కాదు. అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, నాకు బారు దించాలన్న ధ్యాస కూడా లేకపోతే మామే వచ్చి దింపాడు.

హైదరాబాదులో నాకు పతకమేమీ రాలేదు, బిరియానీ మాత్రం తిని వచ్చాను. ఇప్పుడు ఆ బాయిల్లో కర్ర దిమ్మెలు లేవట, కప్పుకు ఇనుప బోల్టులు దిగ్గొడుతున్నారట, ఆ మాట అనే అవసరం కూడా ఎవరికీ రావడం లేదేమో. జిమ్ముల్లో ఆడపిల్లలు ఎవరి అనుమతీ అడగకుండా నా కన్నా మంచి బరువులు ఎత్తుతున్నారు, చూస్తుంటే కడుపు నిండిపోతుంది. చెవుల్లో పాటలు పెట్టుకుని, అద్దంలో తమను తామే చూసుకుంటూ ఎత్తుతారు, పక్కవాడు తలెత్తి చూడడు. అదీ ఒక సుఖమే, కాదనను. కాని బాపు పోయి చాలా ఏళ్లయింది, ఆ తర్వాత నేను ఎన్ని బరువులు మోసినా, నా వెనక్కి వచ్చి వీపు నిలువుగా ఉందో లేదో అంత భయంగా చూసిన మనిషి మళ్లీ లేడు.