గోకేసిన సున్నం పట్టీలు

మొన్న మా తెనాలి ఇంట్లో హాలు గోడ బీట వారింది. రంగులు వేసే అతను వచ్చి చిటికెలో పుట్టీ పట్టించబోతుంటే, ఆగవయ్యా, ముట్టుకోకు అని కేక పెట్టాను. ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చారు. ముసలాయనకు చాదస్తం ముదిరిందనుకుని ఉంటారు, అనుకోనివ్వండి. యాభై ఏళ్లకు పైగా నన్ను పీడిస్తున్న ఒక గోడ సంగతి వాళ్లకు నేనెప్పుడూ చెప్పలేదు.

అరవైల చివర నేను తెనాలిలో ఒక ఇంజనీరుగారి దగ్గర ప్లాన్లు గీసే పనిలో ఉండేవాణ్ణి. మా మేనమామ బాపట్లలో పేరున్న తాపీ మేస్త్రీ. మాది పూజలూ పునస్కారాల ఇల్లే అయినా, ఆదివారం వస్తే ఆయన నన్ను పాత చర్చీలు చూపిస్తూ తిప్పేవాడు. ప్రార్థన ముగిసి జనం వెళ్లేదాకా బయట బీడీ కాలుస్తూ కూర్చుని, తర్వాత లోపలికి తీసుకెళ్లి, కమాను నడిమి రాయిని ఎలా బిగించారో, టేకు దూలాల మీది పెంకుల బరువు గోడల్లోకి ఎలా దిగుతుందో, గానుగ సున్నం ఏళ్లు గడిచేకొద్దీ ఎందుకు గట్టిపడుతుందో గంటలకొద్దీ చెప్పేవాడు.

వాటన్నిటిలో రేపల్లె దగ్గర ఒక పల్లెలోని చర్చి అంటే నాకు ప్రాణం. కోసుగా పైకి లేచిన కిటికీలు, వాటి ఎర్ర, నీలం అద్దాల్లోంచి నేల మీద పడే పొద్దుటెండ, అంతా దొరల తీరే. స్తంభాల తలల మీద మాత్రం మన గుళ్లలో చెక్కే తామరపూలు! చెక్కినవాడికి వచ్చిన పువ్వు అదే, దొర కాదనలేదు అనేవాడు మామయ్య. ఆ తామరలను కొలతలతో సహా కాగితం మీద గీసుకున్నాను.

ఒక ఏడు వానలు వెలిశాక ఆ చర్చి పడమటి గోడకు నిలువునా బీట కనిపించింది. పడగొట్టాలంటే మనసొప్పదు, ఉంచితే జనం ప్రాణాల మీదికొస్తుందేమోనని పాస్టరుగారు కంగారుపడి మాకు కబురంపారు. మామయ్య బీటకు అడ్డంగా రెండు సున్నం పట్టీలు వేసి, మేకుతో తేదీ గీశాడు. పట్టీ పగిలితే గోడ కదులుతున్నట్టు. పగలకపోతే అది ఏనాటిదో పాత బీట, వానకు పైవెల్ల రాలి బయటపడిందన్నమాట. క్రిస్మస్ ముందు నన్ను వెళ్లి చూసి రమ్మన్నాడు.

రేపల్లె రైలు దిగి, అద్దె సైకిలు తొక్కుకుంటూ వెళ్లి చూద్దును కదా, గోడ తెల్లగా మెరిసిపోతోంది. బీటా లేదు, పట్టీలూ లేవు. పాస్టరుగారు ఊళ్లో లేని రెండు రోజుల్లో, పండగ వస్తోందని సంఘంలోని ఆడవాళ్లంతా కలిసి గోకి, మెత్తి, వెల్ల వేసేశారు. గంట కొట్టే ముసలమ్మ మురిసిపోతూ ఎదురొచ్చింది.

"అక్కడేవో సున్నం గడ్డలు అంటుకుని ఉంటే నేనే గోకేశానండి బాబూ. ఇప్పుడెంత బాగుందో చూడండి!"

ఆ గడ్డలు పగిలి ఉన్నాయా అని అడిగితే, గమనించలేదండి అంది. అప్పటికే ఊరంతా మూగింది.

"పండక్కి జనాన్ని లోపల కూర్చోబెట్టమంటారా, వద్దంటారా? మీ మాటేనండి మాకు ఆధారం" అన్నారు పాస్టరుగారు.

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. నాకు తెలియదండీ, మళ్లీ పట్టీలు వేసి ఇంకో నెల చూద్దాం, పండగ పందిట్లో చేసుకోండి అంటే సరిపోయేది. అంతమంది ఎదుట తెలియదనడానికి నామోషీ. నిజంగా కూలితే ఏం గతి అని భయం. కాగితం తెప్పించుకుని, గోడ ప్రమాదకరం, పడగొట్టడమే మంచిదని రాసి సంతకం పెట్టేశాను. ముసలమ్మ వెల్ల అంటిన చేతులు కొంగుకు తుడుచుకుంటూ అలాగే నిలబడిపోయింది.

వేసవిలో పడగొట్టారు. ఎనిమిది మంది గడ్డపారలతో రెండు రోజులు కొట్టినా పడమటి గోడ లొంగలేదు. మామయ్య రాలిన పెళ్లను చేతిలోకి తీసుకుని నలిపి చూశాడు, నలగలేదు. ఇంకో నెల ఆగాల్సిందిరా అన్నాడు, మళ్లీ బతికుండగా ఆ ఊసెత్తలేదు. ముసలమ్మ నన్ను తిట్టినా బాగుండేది. "నేను గోకకపోతే నిలిచేది కదండీ గుడి" అని ఏడ్చింది. కాదమ్మా, తప్పు నీది కాదు, నాది అని అక్కడే చెప్పాల్సింది. రైలుకు వేళైందంటూ వచ్చేశాను.

ఇప్పుడక్కడ స్లాబు వేసిన పెద్ద చర్చి ఉంది, నున్నటి టైల్సు, ఫ్యాన్లు, మైకులు. మంచిదే, జనానికి చోటు చాలుతోంది. తామరపూలను ఎరిగినవాళ్లే మిగల్లేదు, గీసుకున్న కాగితం నా బీరువాలో పసుపెక్కిపోయింది. మా హాలు గోడకు నేనే ఒక పట్టీ వేసి తేదీ గీశాను. ఇంట్లో అందరికీ తొందరే, నెల నిండనివ్వండి అంటున్నాను. ఆ ముసలమ్మకు చెప్పాల్సిన మాట మాత్రం ఇక ఎవరికి చెప్పుకోను?