జర ధిక్కారం జేసొస్త

మొన్న టీవీలో వార్తలు చదివే అమ్మాయి కోర్టు ధిక్కారం అని గంభీరంగా పలికేసరికి నేను పక్కున నవ్వాను. మావారు వింతగా చూశారు. ఆ మాటకూ నాకూ ఉన్న అనుబంధం ఆయనకేం తెలుసు!

తెలంగాణ ఇంకా రాని రోజులవి. పెళ్లయి కృష్ణా జిల్లా నుంచి ఉప్పల్ వచ్చిన కొత్తలో, నాచారంలో ఒక మందుల కంపెనీలో సీసాలకు లేబుళ్లు అంటించే పనిలో చేరాను. సిరప్ తీపి వాసన జుట్టుకు పట్టేసి తలంటుకున్నా వదిలేది కాదు. షేర్ ఆటోలో పక్కవాళ్లు నేను దగ్గు మందు తాగి వచ్చాననుకునేవాళ్లేమో. మా లైను ఆడవాళ్లందరికీ కలిపి ఒకే ఒక్క చెక్కబిళ్ల ఉండేది. మేకుకు వేలాడే ఆ చెక్క చేతిలో ఉంటేనే బాత్రూంకి వెళ్లాలి. ఒకరు వెళితే, తిరిగొచ్చేదాకా మిగతావాళ్లు బిగపట్టుకోవాల్సిందే. మా సూపర్‌వైజరు గారికి ఆ మేకు మీదున్న భక్తి గోడ మీది దేవుడి పటం మీద కూడా ఉండేది కాదు.

అప్పుడు నాకు ఐదో నెల. ఒకరోజు వెళ్లిన చెక్క ఎంతకీ తిరిగి రాలేదు. నాకు కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. అడక్కుండా లేస్తే ఉద్యోగం పోతుందని భయం. మావారికి పని సరిగా లేక ఇల్లు నా జీతంతోనే నడుస్తోంది. నా పక్కన కూర్చునే జనగామ అక్క నా మొహం చూసింది. లేచి వెళ్లి సూపర్‌వైజరుకు అడ్డంగా నిలబడింది.

"నువ్వు పో చెల్లె. కడుపుతోని ఉన్న పిల్ల సారూ, చెక్క కోసం ఎంతసేపు ఆగుతది?"

నేను వెళ్లి వచ్చేసరికి ఆయన మొహం ఎర్రగా చేసుకుని "ఇది ధిక్కారం!" అని అరుస్తున్నారు. అక్క నా చెవిలో అడిగింది, "గదేంది చెల్లె, బూతు మాటనా?" అని. పైవాళ్ల మాటకు ఎదురుతిరగడం అక్కా అన్నాను.

"గంతేనా!" అని ఊపిరి పీల్చుకుని ఆయన వైపు తిరిగింది. "అయితే జేసిన సారూ. పిల్లనేమనకున్రి, జేసింది నేను."

మర్నాడే ఆమెను రేకుల షెడ్డులో అట్టపెట్టెలు కట్టే పనికి మార్చారు. నడి ఎండాకాలం. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు. అయితే లైనులో ఇక ఎవరూ చెక్క వైపు చూడలేదు. ఒకామె లేచి "జర ధిక్కారం జేసొస్త" అనేది, అందరం నవ్వేవాళ్లం, ఇంకొకామె "నేను గూడ" అని వెంట నడిచేది. అందరినీ షెడ్డుకు పంపితే లేబుళ్లు ఎవరు అంటిస్తారు? కొన్నాళ్లకు గోడకు మేకు ఒక్కటే మిగిలింది.

రోజూ మధ్యాహ్నం మజ్జిగ పట్టుకుని షెడ్డుకు వెళ్లేదాన్ని. చెమట కారిపోతున్నా అక్క నన్ను ఏడిపించడం మానలేదు. "ఏంది చెల్లె, మీ ఆంధ్ర మజ్జిగ గింత పుల్లగుంటదా?" అంటూనే గ్లాసు ఖాళీ చేసేది. నీ రుణం ఎలా తీర్చుకోనక్కా అంటే "పైలంగ కను, సాలు" అనేది. ఆ వానాకాలం మా అమ్మాయి క్షేమంగా పుట్టింది.

తర్వాత నేను కంపెనీలు మారాను, రాష్ట్రమే మారింది, ఎన్నో ముఖాలు మసకబారాయి. నా బదులు ఆమె పడ్డ ఆ ఎండ మాత్రం ఏళ్లు గడిచేకొద్దీ నాకు ఇంకా ఎక్కువగా తెలుస్తోంది.