పాత పైథాన్‌లో మోగని అలారం

ఈ రోజు మా కాశీబుగ్గ జీడిపప్పు ఫ్యాక్టరీకి కొత్త కంప్యూటర్ వచ్చింది. బాయిలర్‌లో ఒత్తిడి హద్దు దాటితే అలారం మోగించే ప్రోగ్రాం అందులో నడవలేదు. అది ఎవరో పైథాన్ అనే కంప్యూటర్ భాషలో, దాని పాత వెర్షన్‌లో రాసింది. కొత్త కంప్యూటర్‌లో ఉన్నది కొత్త వెర్షన్.

"పాతదే పెట్టీవయ్యా. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా మోగి విసిగించనేదు," అన్నారు యజమాని.

నేను అక్కడ లెక్కలు రాస్తాను. పైథాన్ సొంతంగా నేర్చుకున్నాను కాబట్టి తెరిచి చూశాను. హద్దు చెప్పే సంఖ్య ఫైలు నుంచి అక్షరాల రూపంలో వస్తోంది. ఒత్తిడి సంఖ్యను ఆ అక్షరాలతో పోల్చలేనని కొత్త పైథాన్ ఆగిపోతోంది. పాతది ఆగదు, అక్షరాలే ఎప్పుడూ పెద్దవని లెక్కేసుకుంటుంది. అంటే ఒత్తిడి ఎంత పెరిగినా హద్దు దాటనట్టే.

"దానికి మోగడం రాదు బాబూ," అన్నాను.

ఆ ఒక్క చోట సరిచేసి నడిపాను. వెంటనే అలారం మోగింది. పరుగెత్తి చూస్తే బాయిలర్ ఒత్తిడి చూపే గేజ్ ముల్లు ఎర్ర గీత దాటి ఉంది.

"బయపడకు బావ, అది రోజూ అక్కడే ఉంతాది," అన్నాడు బాయిలర్ చూసే అప్పారావు. అతని వెనకే ఆడవాళ్ళు గింజలు ఆరబోస్తున్నారు.

మంట ఆర్పించి అందర్నీ బయటకు పంపాం. తేడా కొత్త పైథాన్‌లోనే ఉందని యజమాని ఇంకా అంటున్నారు. రేపు పొద్దున్న పాత కంప్యూటర్ పెట్టమంటే, మీరైతే పెడతారా?