కోటేశ్వరి తుడిచిన రోడ్డు

సత్తెనపల్లి దగ్గర మిరప కల్లాల్లో పాలిపోయిన తాలుకాయలు ఏరే కోటేశ్వరికి యాభై రెండేళ్లు. ఆరు రోజుల సైకిల్ రేసులో మూడో రోజు దారి ఆమె ఊరి మీదుగా వేశారు. ఊరంతా నెల రోజులుగా మిరపకాయలు ఆరబోసింది ఆ రోడ్డు మీదే. కాయలు ఎత్తేశారు గానీ గింజలు, పొడి మిగిలాయి. రేసు రోజు పొద్దున్నే వచ్చిన అధికారి ఊరివాళ్ల చేత చీపుళ్లు పట్టించాడు. నాలుగు ఊడ్పులకే అందరికీ తుమ్ములు, దగ్గులు. తొమ్మిదింటికల్లా శుభ్రం కాకపోతే రేసును బైపాస్‌కు మళ్లిస్తానన్నాడు.

“పొడి చీపురు వేస్తే ఘాటు లేవదా అండీ? కాస్త పక్కకు జరగండి,” అంది కోటేశ్వరి. “ఒసేయ్ కోటిరత్నం, గోతాలు తడిపి పట్రా!”

కల్లంలో చేసినట్టే ఇరవై మంది ఆడవాళ్లు తడి గోతాలు పరిచి రోడ్డు పొడవునా ఈడ్చారు. గింజలు, పొడి వాటికే అంటుకుపోయాయి. తొమ్మిది కాకముందే అధికారి సరేనన్నాడు. ఎండకు రోడ్డు మీది తడి ఆరింది.

పదింటికి నూట పది మంది రైడర్లు ఒకే గుంపుగా దూసుకెళ్లారు. ఒక్కరూ తుమ్మలేదు.

“ఎవరు గెలుస్తారక్కా?” అంది కోటిరత్నం.

“ఎవరైనా గెలవనీ. మన రోడ్డు మీద నుంచే పోవాలిగా,” అంది కోటేశ్వరి, కడిగిన గోతం పిండుతూ.