మా అవ్వ విడిపించుకున్న మేక

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకంటే ఎక్కువ మర్యాదలు జరిగే మేక ఒకటుండేది. ఎద్దంత మేక. అది ఎదురొస్తే పెద్దకడుబూరు బస్సు కూడా పక్కకు తప్పుకునేది. సరే, అంత లేదు. మామూలు మేక, ఒక కొమ్ము విరిగింది కూడా. కుళ్లుకునే పిల్లవాడి కళ్లకు మాత్రం అది అంత పెద్దగానే కనిపించేది.

ఈనగానే దాని తల్లి చచ్చిపోతే, మా అవ్వ గుడ్డపీలిక పాలలో ముంచి నోట్లో పెట్టి దాన్ని బతికించింది. అప్పట్నుంచి జొన్నరొట్టె తుంచితే మొదటి ముక్క దానికి, ఆ తర్వాతే నాకు. చలికాలంలో అవ్వ ఎమ్మిగనూరు దుప్పటి కప్పుకుని పడుకుంటే ఒక పక్క నేను, ఇంకో పక్క అది. అవ్వ ముఖం ఎప్పుడూ దానివైపే ఉంటుందని నా ఫిర్యాదు. "రెండు పక్కలకూ యెట్ల తిరిగేది రా?" అని నవ్వేది. నవ్వుతూ కూడా దాని చెవే నిమిరేది.

పచ్చగా ఏ చేను కనిపించినా దూరిపోవడం ఆ మేకకున్న రోగం. అందుకని అవ్వ దాని మెడకు గుదికర్ర కట్టేది. పరుగెత్తబోతే ముందుకాళ్లకు అడ్డుపడే కర్ర అది. తీరా కట్టాక, మెడ ఒరుసుకుపోతోందని జాలిపడి తనే విప్పేసేది. మా ఇంటి కష్టాలన్నీ ఆ జాలిలోంచే వచ్చేవి.

పంతొమ్మిది వందల డెబ్బైల నాటి మాట ఇది. ఆ ఏడాది క్రిస్మస్‌కు మా ఊరి చర్చిలో పిల్లల నాటకం. బాలయేసును చూడడానికి ఒంటెల మీద వచ్చిన జ్ఞానుల్లో ఒకడి వేషం నాది. ముందు వరుసలో కూర్చుని చూస్తానని అవ్వ మాటిచ్చింది. కొత్త చొక్కా లేకపోయినా నాకు బాధ లేదు. ఒక్క పూట అవ్వ కళ్లు నామీదే ఉండాలి, మధ్యలో మేక ఉండకూడదు. అంతే.

పండగ ముందురోజు మేక కనపడకుండా పోయింది. ఊరి పెద్దరైతు పత్తిచేలో పడి కాయలు కొరికేసిందనీ, ఆయన దాన్ని తన దొడ్డిలో కట్టేశాడనీ సాయంత్రానికి తెలిసింది. లోపలి సంబరం ముఖంలో కనపడకుండా అణచుకుంటూ నేనూ అవ్వ వెంట వెళ్లాను.

"యెన్నితూర్లు చెప్పల్ల అవ్వా నీకు?" అని మండిపడ్డాడు ఆయన. "ఎల్లుండి పత్తిబండి ఆదోనికి పోవల్ల. కూలోళ్లంతా పండగంటిరి. రేపు పొద్దున్నే వచ్చి పత్తి తీసి, నీ మేకను తోలుకోనిపో. ల్యాకుంటే మేకలు కొనేటోడు వస్తాండాడు, వానికిచ్చేస్తా."

అవ్వ బేరమాడలేదు. "వస్తాలేప్పా" అనేసింది.

ఇంటికొచ్చాక నేను గొంతు చించుకున్నాను, మేక ఎక్కువా నేనెక్కువా తేల్చమని. అవ్వ పొయ్యి రాజేస్తూ, "నువ్వు ఇంట్లో ఉండావు. అది కట్టేసి ఉంది" అంది. అదేం జవాబో నాకు అర్థం కాలేదు.

మర్నాడు నా నటనకు చర్చి అంతా కన్నీళ్లు పెట్టుకుంది, పాస్టరుగారు నన్ను ఎత్తుకుని ముద్దాడారు. నా మనవళ్లకు ఇలాగే చెబుతుంటాను. జరిగింది వేరు. నాటకంలో నాకున్నది ఒకే ఒక్క మాట. ముందు వరుసలో ఖాళీ చోటు చూసి ఆ ఒక్కటీ మింగేశాను. పక్కన నిలబడ్డ జ్ఞాని నా మాట కూడా తనే చెప్పేశాడు. ఆ తర్వాత పాస్టరుగారు విమోచన గురించి ప్రసంగించారు. చిక్కుపడిన మనిషిని విడిపించడానికి దేవుడే మనిషై పుట్టాడనీ, చెల్లించాల్సిన వెల తానే చెల్లించాడనీ అన్నారు. నాకేదీ చెవికెక్కలేదు. కూర్చున్నంతసేపూ మేకను తిట్టుకుంటూనే ఉన్నాను.

వేషానికి పెట్టుకున్న బంగారు కాగితం కిరీటం తీయకుండానే పత్తిచేనికి పోయాను. అవ్వ పాత చీరను ఒడిలా కట్టుకుని వంగి పత్తి తీస్తోంది. ఎండిన కాయల మొనలు గుచ్చుకుని వేళ్ల చివర్లు నెత్తురోడుతున్నాయి. నన్ను చూసి, "ఏమప్పా రాజా, ఈడికొచ్చినావు? నీ ఒంటె యాడ?" అంది. నాకు నవ్వు రాలేదు.

"అది నీ మేకే కదా! నీదాన్ని నువ్వే కష్టపడి విడిపించుకునేదేంది?"

"నాదైతేనే గదా వచ్చినా. నాది కాకుంటే నాకేటికి?"

"తప్పు చేసింది అది. రేపు అదొచ్చి నీకు దండం పెడతాదా?"

అవ్వ నడుం పట్టుకుని మెల్లగా నిలబడింది. "దానికేం తెల్సురా? మనకు మాత్రం తెల్సా? మనం దండం పెట్టినంక పుడదామనుకునింటే, యేసయ్య ఇంతవరకూ పుట్టేవాడే కాదు."

నేను మట్టిబెడ్డలు తన్నుతూ, అసలు అడగాలనుకున్నది అప్పుడు అడిగాను. "నన్ను కట్టేసింటే?"

"నిన్నా? నీ నోటికి ఓపల్యాక వాళ్లే తెచ్చి ఇచ్చిపోతారు" అంది. నా కళ్లలో నీళ్లు చూసి నవ్వు ఆపేసింది. "యే చేనికైనా వస్తా" అంది.

ఆ తర్వాత పొద్దుగుంకేదాకా అవ్వతో సమానంగా పత్తి తీశానని రాద్దామనుకున్నాను. తీసింది దోసెడే, అందులోనూ సగం ఎండుటాకులు. మిగతా పొద్దంతా గట్టుమీద నిద్రపోయాను. సాయంత్రం దొడ్డిలో తాడు విప్పగానే మేక అవ్వ వైపు తిరిగైనా చూడకుండా రైతు గడ్డివామి మీదకు లంఘించింది. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వింది. నాలోని అసూయ ఆరోజుతో పోయిందా అంటే పోలేదు. పడుకునేటప్పుడు అవ్వ ముఖం ఎటుందో మళ్లీ చూసుకున్నాను.

ఇప్పటికీ ఏ క్రిస్మస్‌కో, తాగి తిరిగి ఇల్లు గుల్ల చేసినవాడొకడు తలదువ్వుకుని చర్చికొస్తాడు. అందరూ వాడి చుట్టూ మూగుతారు, పాస్టరుగారు వాణ్నే కౌగిలించుకుంటారు. ఇన్నేళ్లుగా ఒక్క ఆదివారం తప్పకుండా వస్తున్న నన్ను అడిగే నాథుడుండడు. పాత కుళ్లే మళ్లీ లేస్తుంది. అప్పుడు అవ్వ వేళ్లు కళ్లముందు కదులుతాయి. నన్ను ఏ దొడ్డిలోంచి, ఎవరు వేళ్లు చీల్చుకుని విడిపించారో నాకు మాత్రం ఏం తెలుసు? పక్కకు జరిగి వాడికి చోటిస్తాను. జరిగేటప్పుడు కాస్త గొణుక్కుంటాను, అది వేరే సంగతి.