కోర్సు చదవని కాఫీ

రాఘవమ్మకు తెలియదని ఒప్పుకోవడం చేతకాదు. తెలుసుకోకుండా ఊరుకోవడం అంతకన్నా చేతకాదు.

పర్చూరు పక్క పల్లెలో ఆవిడ మిరప కళ్ళానికి కాయల తొడాలు తుంచడానికి పన్నెండు మంది ఆడవాళ్ళు వస్తారు. రెండువేల ఏడులో మార్చి దాటకుండానే ఎండలు మండిపోయాయి. మధ్యాహ్నం పొగలు కక్కే కాఫీ ఇస్తే ఒక్కరూ ముట్టుకోలేదు. అవతల వెంకటనారాయణ కళ్ళంలో చల్లటి మజ్జిగ పోస్తున్నారని జైనాబీ చెవిన వేసింది. జైనాబీ ఎటు వెళితే మిగతా పదకొండు మందీ అటే. సగం కాయ ఇంకా రాశిలోనే ఉంది. అలాగని మజ్జిగకు పోటీగా మజ్జిగే పోస్తే ఆవిడ రాఘవమ్మ ఎందుకవుతుంది?

బెంగుళూరులో చదువుతున్న మనవరాలు భవ్య ఆ మధ్య తెచ్చిన వేయించిన కాఫీ గింజలు డబ్బాలో ఉన్నాయి. పొడి కొట్టించి రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి, పొద్దున వడగట్టుకుంటే చల్లటి కాఫీ అవుతుందని, పొయ్యితో పనే లేదని ఆ పిల్ల ఫోనులో చెప్పింది.

"కానీ నాయనమ్మా, గ్రైండింగ్ మాత్రం కోర్స్‌గా ఉండాలి."

"ముప్పై ఏళ్ళ నుంచి కారం పట్టిస్తున్నా. పొడి కొట్టించడానికి నాకు కోర్సు దేనికే?" అని ఫోను పెట్టేసింది. గుంటూరు వెళ్ళిన ప్రతి పిల్లా ఏదో ఒక కంప్యూటరు కోర్సు చేస్తున్న రోజులవి.

పిండిమర సుభానీ కారం మరలో వేయనన్నాడు, తాగినవాళ్ళు తుమ్మి చస్తారని. పిండి రాయి తుడిచి, ఎంత మెత్తగా కావాలని అడిగాడు. కుంకుమలా ఉండాలంది రాఘవమ్మ.

ఆ కుంకుమ రాత్రంతా కొత్త కుండలో నానింది. పొద్దున గుడ్డలోంచి దిగనని మొరాయించింది. దిగింది కాస్తా బురద నీళ్ళలా ఉంది. పాలూ పంచదారా కలిపి మధ్యాహ్నం గ్లాసుల్లో పోసింది. జైనాబీ ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది.

"అక్కా, ఇది కాఫీనా, వేపాకు కషాయమా? మేమేం తప్పు చేశాం?"

కళ్ళమంతా పగలబడి నవ్వింది. రేపట్నించి మజ్జిగ దగ్గరికే పోతామంది జైనాబీ. ఒక్క రోజు గడువు అడిగి పుచ్చుకుంది రాఘవమ్మ.

గుడ్డలో మిగిలిన మడ్డిని వేళ్ళ మధ్య నలుపుతూ చాలాసేపు కూర్చుంది. పులుసులో మెత్తటి కారం వేస్తే క్షణంలో ఘాటంతా దిగిపోతుంది. ఎండుమిరప తుంచి వేస్తే ఎంతసేపు నానినా రుచే దిగుతుంది గాని నోరు మండదు. గింజైనా అంతే కదా! మిగిలిన గింజలు పట్టుకుని మళ్ళీ మర దగ్గరికి పరుగెత్తింది. రాయి వదులు చేసి ఇడ్లీ రవ్వలా పట్టమంటే, నిన్న కుంకుమ, ఇవాళ రవ్వ, రేపు నూకలా పిన్నీ, అని సుభానీ నవ్వాడు.

ఈసారి కాఫీ గుడ్డలోంచి గలగలా దిగింది. రంగు తేటగా ఉంది, చేదు లేదు. జైనాబీ గ్లాసు ఖాళీ చేసి మళ్ళీ చాపింది.

ఆ సాయంత్రం ఈ ఘనకార్యం వినగానే భవ్య ఫోనులో నవ్వేసింది. కోర్స్ అంటే బరక అనేగా తను చెప్పిందీ!

"బరక అని తెలుగులో చెప్పడానికి నీకేం వచ్చిందే?" అంది రాఘవమ్మ.

మర్నాడు పన్నెండు మందీ వచ్చారు. జైనాబీ మాత్రం ఇంటి నుంచి పెద్ద స్టీలు చెంబు కూడా తెచ్చుకుంది.